ఎల్ బోర్డు ఉన్నా వెనుకనుంచి హారన్ మోగుతూనే ఉంటే ఏం చేయాలి?

కొత్త డ్రైవరు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను కారు నడపడం నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడు వారాలైంది. లెర్నర్ లైసెన్సు ఉంది, కారుకు ముందూ వెనుకా ఎల్ బోర్డులు ఉన్నాయి, పక్క సీట్లో పదిహేనేళ్లుగా కారు నడుపుతున్న మా అక్క కూర్చుంటుంది. రద్దీ లేని రోడ్ల మీద బాగానే నడుపుతున్నానని ఆమే అంటుంది. వెనుక ఇంకో బండి వచ్చి ఆగితే మాత్రం నా చేతులూ కాళ్లూ నా మాట వినడం మానేస్తున్నాయి.

నిన్న ఒక సిగ్నల్ దగ్గర, కాస్త ఎత్తెక్కే రోడ్డు మీద, వరుసలో రెండో బండిగా ఆగాను. పచ్చదీపం వెలిగింది, ముందున్న కారు కదిలింది. నేను హ్యాండ్‌బ్రేక్ పట్టే ఉంచి, క్లచ్‌ను నెమ్మదిగా వదులుతూ, ఇంజిన్ శబ్దం బరువెక్కి కారు ముందుభాగం కొద్దిగా లేచే ఆ క్షణం కోసం చూస్తున్నాను. అది వచ్చింది. సరిగ్గా అప్పుడే వెనుకనుంచి హారన్ మోగింది, నా ఎడమ పాదం క్లచ్ మీదనుంచి దానంతట అదే లేచిపోయింది, కారు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. కంగారులో క్లచ్ నొక్కకుండానే తాళం తిప్పాను. గేరులోనే ఉన్న కారు ఇంకోసారి కుదిపి ఊరుకుంది. అప్పటికి మూడు నాలుగు హారన్లు కలిసిపోయాయి, వాటిలో ఒకటి తెంపులేకుండా మోగుతూనే ఉంది. చివరికి ఒకాయన పక్కనుంచి దూసుకొచ్చి, అద్దం దించి, "నడపడం రాకపోతే ఇంట్లో కూర్చో" అని చెప్పి వెళ్లిపోయాడు. నేను మళ్లీ ఇంజిన్ వేసేసరికి ఎర్రదీపం పడింది.

ఇలాంటప్పుడు ఏం చేయాలో అనుభవజ్ఞులు చెప్పగలరు. అలాగే, ఎల్ బోర్డు చూసి కూడా హారన్ మోగించేవారు ఇక్కడ ఎవరైనా ఉంటే, ఆ సమయంలో వారి మనసులో ఏముంటుందో దాపరికం లేకుండా చెబితే సంతోషిస్తాను.

పాత శిక్షకుడు (సమాధానం):

పంతొమ్మిదేళ్లు డ్రైవింగ్ నేర్పి రెండేళ్ల క్రితం మానేసినవాణ్ణి. మీకు జరిగినదానిలో మీ తప్పేమీ లేదని అనను గానీ, అందులో సగం వాటా ఆ హారన్‌ది.

ఏళ్ల తరబడి నడిపేవారికి క్లచ్, గేరు, అద్దం, స్టీరింగు అన్నీ ఆలోచనతో పని లేకుండా సాగిపోతాయి. కాబట్టే తాము నేర్చుకున్న రోజుల్లో ఇవన్నీ ఒక్కొక్కటిగా గుర్తుచేసుకుని చేశామన్న సంగతి వారికి గుర్తుండదు. నేర్చుకునే వ్యక్తి ఆ వరుస మధ్యలో ఉన్నప్పుడు పెద్ద శబ్దం వినబడితే, చూపు ముందున్న రోడ్డును వదిలి అద్దంలోకి పోతుంది, పాదం తన పని మరచిపోతుంది. ఉద్వేగం కొంతవరకు పనికి తోడ్పడి, ఒక హద్దు దాటాక దాన్ని చెడగొడుతుందనీ, కష్టమైన పనుల్లో ఆ హద్దు త్వరగానే వచ్చేస్తుందనీ 1908లో యర్కిస్, డాడ్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చిట్టెలుకల మీద చేసిన ప్రయోగాలను బట్టి చెప్పారు. నేను దాన్ని మనుషుల్లో రోజుకు ఆరుసార్లు చూసేవాణ్ణి.

ఆగిన ఇంజిన్‌ను మళ్లీ వేసి కదలడానికి కంగారు పడని విద్యార్థికి ఏడెనిమిది సెకన్లు చాలు. వెనుకనుంచి హారన్ పడితే అదే పని రెండు మూడుసార్లు చేయవలసి వస్తుంది, ఈలోగా పచ్చదీపం పోతుంది. మోగించిన పెద్దమనిషి కూడా మీతో పాటే మరో ఎర్రదీపం దగ్గర నిలబడతాడు. తన ఆలస్యాన్ని తానే పెంచుకున్నానన్న సంగతి ఆయనకు తట్టదు.

హారన్ కన్నా నన్ను ఎక్కువగా భయపెట్టింది వెనుక బంపరుకు అతుక్కుని వచ్చేవారు. డ్రైవింగ్ స్కూలు కార్లలో సాధారణంగా శిక్షకుడి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. దాన్ని ఏ క్షణాన నొక్కవలసి వస్తుందో నాకే ముందుగా తెలియదు, ఇక వెనుకవారికి ఎలా తెలుస్తుంది? గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు గడిచిపోతుంది. బ్రేకు దీపం చూసి వెనుక డ్రైవరు కాలు కదిపేలోగానే ఆ దూరం అయిపోతుంది. అందుకని అతుక్కుని వచ్చేవారు కనబడితే నేను విద్యార్థిచేత వేగం పెంచనిచ్చేవాణ్ణి కాదు. వీలైన చోట పక్కకు తీయించి, ఆ బండిని ముందుకు పోనిచ్చేవాణ్ణి. మీ అక్కగారికి కూడా ఇదే చెప్పండి.

ఇంజిన్ ఆగిపోయినప్పుడు చేయవలసిన పని ఇది: బ్రేకు, క్లచ్ రెండూ పూర్తిగా నొక్కండి, హ్యాండ్‌బ్రేక్ లాగండి, గేరును న్యూట్రల్‌లోకి తెండి, ఆ తరువాతే తాళం తిప్పండి. ఈ మాటలను పైకి వినిపించేలా పలుకుతూ చేయండి. చిన్నపిల్లల పాఠంలా అనిపించవచ్చు గానీ, నోరు వరుస చెబుతూ ఉంటే చెవి హారన్ దగ్గరికి పోదు. వెనుకవారిని మాత్రం చేయి ఊపి ముందుకు రమ్మనవద్దు. మీకు కనబడని వైపునుంచి మరో బండి వస్తూ ఉండవచ్చు.

రోజూ అదే దారి (సమాధానం):

దాపరికం లేకుండా చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను, హారన్ మోగించేవారిలో నేనూ ఒకణ్ణి. మీ వెనుక మూడో బండిలో ఉన్న నాకు మీ ఎల్ బోర్డు కనిపించదు. పచ్చదీపం వెలిగింది, వరుస కదలడం లేదు, అంతే కనిపిస్తుంది. ముందెవరో ఫోన్ చూసుకుంటున్నారని అనుకుంటాను, ఈలోగా పక్కవాడు మోగిస్తాడు, నేనూ మోగిస్తాను. ఇందులో ఆలోచన అంటూ ఏమీ ఉండదని ఒప్పుకుంటున్నాను.

అయితే మీకు సరిగ్గా వెనుక ఉన్నవాడికి ఈ సాకు లేదు. అద్దం దించి ఆ మాట అన్నవాణ్ణి నేను సమర్థించను.

నాకూ ఒక ఫిర్యాదు ఉంది. లైసెన్సు వచ్చి ఏళ్లు గడిచినా ఎల్ స్టిక్కరు తీయనివారు ఎందరో ఉన్నారు. మా ఇంట్లోనే ఒక కారు నాలుగేళ్లుగా దానితోనే తిరుగుతోంది. దాన్ని నడిపే మా తమ్ముడు నాకంటే వేగంగా పోతాడు. ఇలాంటివి రోజుకు పది కనబడితే, పదకొండోది నిజమైనదని ఎవరు నమ్ముతారు? అలాగే రెండో మూడో రోజునే రద్దీ వేళ పెద్ద రోడ్డు మీదికి వచ్చి, ఓవర్‌టేక్ చేసేవారి వరుసలో ఇరవై కిలోమీటర్ల వేగంతో పోయేవారిని చూస్తే ఓపిక నిలవడం కష్టం. అది నేర్చుకునేవారి తప్పు కన్నా పక్కన కూర్చున్నవారి తప్పు.

నిబంధనలు చదివేవాణ్ణి (సమాధానం):

భారతదేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం తెల్లని నేపథ్యం మీద ఎర్రని ఎల్ అక్షరం ముందూ వెనుకా ఉండాలి, ఆ ఫలకం కనీసం 18 సెంటీమీటర్ల చదరంగా ఉండాలి, లైసెన్సు ఉన్న వ్యక్తి బండిని అదుపు చేయగల లేదా ఆపగల చోట కూర్చోవాలి. అరచేతిలో పట్టే స్టిక్కర్లు అతికించినవారు తమను ఎవరూ గమనించడం లేదని బాధపడటంలో అర్థం లేదు.

గమనించండి, ఈ షరతులన్నీ నేర్చుకునేవారికే. బ్రిటన్‌లో ఎల్ బోర్డు 1935లో వచ్చింది; అక్కడి హైవే కోడ్‌లో 217వ నియమం, నేర్చుకునేవారి పట్ల ప్రత్యేకంగా ఓపిక చూపమని మిగతా డ్రైవర్లకు చెబుతుంది, అయితే అది సలహా మాత్రమే. జపాన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ కారు లైసెన్సు వచ్చిన తొలి ఏడాది పసుపు, ఆకుపచ్చ రంగుల చిగురాకు గుర్తును కారుకు పెట్టుకోవాలి. 1972లో మొదలైన ఆ గుర్తు ఉన్న కారుకు పక్కనుంచి ఒరుసుకున్నట్లు రావడం, దాని ముందు ఇరుకుగా చొరబడటం, తప్పనిసరి ప్రమాద పరిస్థితిలో తప్ప, అక్కడ చట్టరీత్యా నేరం. బోర్డు చూసినవారి మీద కూడా బాధ్యత పెట్టిన ఆ పద్ధతే నాకు సరైనదిగా కనిపిస్తుంది.

కొత్త డ్రైవరు:

సమాధానాలు ఇచ్చినవారందరికీ కృతజ్ఞతలు. కొలిచి చూస్తే మా ఎల్ బోర్డు 12 సెంటీమీటర్లే ఉంది, మార్చేశాము. ఈ ఉదయం రద్దీ మొదలుకాకముందే అదే సిగ్నల్ దగ్గరికి నాలుగుసార్లు వెళ్లాను. మూడోసారి ఇంజిన్ ఆగిపోయింది, వెనుకనుంచి హారన్ కూడా పడింది. "బ్రేకు, క్లచ్, హ్యాండ్‌బ్రేక్, న్యూట్రల్, తాళం" అని గట్టిగా చెప్పుకుంటూ కదిలాను. తొమ్మిది సెకన్లు పట్టిందని అక్క లెక్కపెట్టి చెప్పింది. వెనుకాయన మొత్తం తొమ్మిది సెకన్లూ మోగిస్తూనే ఉన్నాడట, నాకు మొదటిది తప్ప వినిపించలేదు.

ఒక చిన్న సందేహం మిగిలింది. లైసెన్సు వచ్చాక కూడా కొన్నాళ్లు ఎల్ బోర్డు ఉంచుకోవచ్చా?

పాత శిక్షకుడు:

ఉంచవద్దు, లైసెన్సు చేతికి వచ్చిన రోజే తీసేయండి. ధైర్యం చాలకపోతే "కొత్తగా లైసెన్సు వచ్చింది" అని వేరే స్టిక్కరు రాయించి వెనుక అద్దానికి అంటించుకోండి, అది అబద్ధం కాదు. దాన్ని ఏ తేదీన తీస్తారో ఇప్పుడే మీ అక్కగారికి చెప్పి ఉంచండి, లేకపోతే పైన ఒకరు చెప్పిన నాలుగేళ్ల కారుకు తోడు ఇంకొకటి తయారవుతుంది.