60 హెర్ట్జ్ మోటారుకి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే చాలా?

తీగలాగినవాడు:
120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసున్న డ్రిల్లు, ఫ్రిజ్ ఉన్నాయి. ఇక్కడి సప్లై 230, 50. స్టెప్‌డౌన్ పెట్టి వోల్టేజి సరిచేస్తే చాలనే నేనంటాను. పది హెర్ట్జ్ తేడాకి వేగం కాస్త తగ్గుతుంది, అంతేగా?

వైండింగ్ పనివాడు:
రెండింటినీ ఒకే గాట కట్టకండి. డ్రిల్లులో మామూలుగా ఉండేది కార్బన్ బ్రష్‌ల మోటారు. దానికి ఫ్రీక్వెన్సీతో పెద్దగా పనిలేదు, స్టెప్‌డౌన్ చాలు. పాతరకం ఫ్రిజ్ కంప్రెసర్‌ది ఇండక్షన్ మోటారు, అంటే బ్రష్‌లు లేకుండా సప్లై ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగేది. అందులో ఫ్లక్స్, అంటే ఇనుప కోర్‌లో పుట్టే అయస్కాంత ప్రవాహం, ఎంతన్నది వోల్టేజిని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తేలుతుంది. 120 బై 60 అంటే 2. అదే 120ని 50 మీద ఇస్తే 2.4. ఇరవై శాతం ఎక్కువ! కోర్ సాచురేట్ అయి, అంటే ఇక అంతకుమించి అయస్కాంతత్వం పట్టలేక, కరెంటు ఎక్కువగా లాగేస్తుంది, వైండింగ్ వేడెక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్రీక్వెన్సీని మార్చదు కదండీ.

పంపుసెట్టు:
మరీ భయపెడుతున్నారు. జపాన్‌లో తూర్పున 50, పడమర 60, రెండుచోట్లా 100 వోల్టులే. అక్కడ ఒకే సరుకు అటూ ఇటూ వాడట్లేదా?

వైండింగ్ పనివాడు:
వాడతారు, 50/60 అని రాసినవాటిని. అవి 50కి తట్టుకునేలా చేసినవి. కేవలం 60 అని ఉంటే ఆ ధీమా లేదు. కానీ మీరన్న 100 వోల్టుల్లోనే దారి ఉంది: 100 బై 50 మళ్ళీ 2. అందుకే 120ది కాకుండా 100 వోల్టులిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కొనమంటాను. వేగం ఆరో వంతు తగ్గుతుంది, టార్క్, అంటే తిప్పే బలం, ఇంచుమించు నిలుస్తుంది.

తీగలాగినవాడు:
మరి ఫ్రిజ్‌లో మంచు కరిగించే హీటరో? 100 మీద దాని వేడి 69 శాతానికి పడిపోతుంది.

వైండింగ్ పనివాడు:
నిజమే, ఆ నష్టం ఒప్పుకోవాల్సిందే. కరగడానికి ఎక్కువసేపు పడుతుంది. కంప్రెసర్ కాలడం కంటే నయం. ట్రాన్స్‌ఫార్మర్ సైజు మాత్రం నడిచే కరెంటు చూసి కొనకండి, స్టార్టింగ్‌లో దానికి చాలా రెట్లు లాగుతుంది.

పంపుసెట్టు:
ఈ మాట ఒప్పుకుంటున్నాను. తిరగేస్తే ఇంకా ఘోరం. 50 హెర్ట్జ్ సెంట్రిఫ్యూగల్ పంపుని 60 మీద తిప్పితే వేగం 1.2 రెట్లు, అడిగే పవర్ దాని ఘనం, అంటే 1.73 రెట్లు. వోల్టేజి సరిగ్గా ఉన్నా ఓవర్‌లోడే. ఇంపెల్లర్ (పంపులో నీటిని తోసే చక్రం) అంచు తరిగించాలి, లేదా 60 హెర్ట్జ్ పంపే తెచ్చుకోవాలి.