గులాబీ ఆకుల మీద నల్ల మచ్చలు, ఆకులన్నీ రాలుతున్నాయి

నల్గొండ మిద్దెతోట: వానలు మొదలైన దగ్గర్నుంచి మా గులాబీలతో ఒకటే టెన్షన్. ఆకుల మీద గుండ్రటి నల్ల మచ్చలు, చుట్టూ పసుపు. కింది ఆకులు ముందు రాలాయి, ఇప్పుడు కొమ్మలు బోడిగా ఉన్నాయి. నర్సరీలో బూడిద తెగులు మందు ఇచ్చారు. అది పనిచేస్తుందా?

మిర్యాలగూడ అక్క: ఇది బూడిద తెగులు కాదు తమ్ముడూ, నల్ల మచ్చ తెగులు. మచ్చ అంచు చూడు, పీచులు లేచినట్టు ఉంటుంది. డిప్లోకార్పన్ రోజే అనే శిలీంధ్రం పని ఇది. ఆకు దాదాపు 7 గంటలు తడిగా ఉంటే చాలు, పట్టుకుంటుంది. సాయంత్రం పైపుతో ఆకులు తడిపితే రాత్రంతా ఆరవు. పొద్దున్నే మొక్క మొదట్లో నీళ్లు పొయ్యి. రాలిన ఆకుల్లో కూడా అది బతికే ఉంటుంది, చినుకులు చిందినప్పుడు మళ్లీ మొక్కకు అంటుకుంటుంది. వాటిని ఏరి పారెయ్యి, కుండీలో ఎరువుగా వెయ్యకు.

జడ్చర్ల రైతు: బూడిద తెగులు మా దగ్గర చలికాలంలో ఎక్కువ. లేత చిగుళ్ల మీద తెల్లటి పొడి, ఆకులు ముడుచుకుంటాయి. దానికి ఆకు తడవక్కర్లేదు, రాత్రిపూట గాలిలో తేమ చాలు. నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు కొడతాం. ఎండ ముదిరాక కొడితే ఆకు మాడుతుంది. మన పాలమూరు ఎండలకు ఫిబ్రవరి దాటాక దాని జోలికి పోవద్దు.

దేవరకొండ బంతితోట: బతుకమ్మకు బంతి వేసినవాళ్ల బాధ వేరే. ముసురు పట్టిందంటే ఆల్టర్నేరియా అనే శిలీంధ్రంతో ఆకుమచ్చ వస్తుంది, ఆకుల నుంచి పువ్వుకూ ఎక్కుతుంది. మచ్చ పడ్డ పువ్వును మార్కెట్లో ఎవరు కొంటారు? మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు, ముసురు పట్టకముందే కొట్టాలి. ఆకు పైన పొరలా ఉండి కాపాడే మందు అది, లోపలికి దిగిన తెగులును ఆపలేదు. పెద్ద వానకు కొట్టుకుపోతుంది కూడా. అన్నిటికంటే ముందు మొక్కల మధ్య గాలి ఆడేలా నాటండి.

నల్గొండ మిద్దెతోట: అక్కా, పక్కింటివాళ్లు నీళ్లలో పాలు కలిపి కొట్టమంటున్నారు.

మిర్యాలగూడ అక్క: బూడిద తెగులుకైతే పాలు కొంత పనిచేస్తాయి. నల్ల మచ్చకు నేను వాటిని నమ్మను. మచ్చలున్న ఆకులు తుంచేసి, బంతితోట అన్న చెప్పిన మాంకోజెబ్ కొట్టు, ఆకు అడుగు భాగం కూడా తడవాలి. పాత మచ్చలు పోవు, కొత్త చిగురు శుభ్రంగా వస్తుందా లేదా అన్నదే చూడు. మందు కొట్టిన పూల రేకులను మాత్రం గుల్కందుకు వాడొద్దు.