ఊరెళ్ళేలోపు ఉప్పునీటి చేపల్ని కొత్త ట్యాంక్‌లోకి మార్చొచ్చా?

మాది భీమవరం. రెండడుగుల ఉప్పునీటి ట్యాంక్‌లో క్లౌన్ ఫిష్ జంట, లైవ్ రాక్ (నీళ్ళను శుభ్రం చేసే బ్యాక్టీరియా పట్టిన రాళ్ళు) ఉన్నాయి. నాలుగడుగుల ట్యాంక్ తెచ్చి డ్రై రాక్ (ఇంకా బ్యాక్టీరియా పట్టని రాళ్ళు) పెట్టి, బాటిల్‌లో అమ్మే ఆ బ్యాక్టీరియా పోసి నెల దాటింది, సాలినిటీ 1.025, వేడి 27 డిగ్రీలు, అయినా చేపలకు విషమైన అమ్మోనియా 0.5, నైట్రైట్ 1 పీపీఎం దగ్గరే ఆగిపోయాయి, సున్నాకి రావట్లేదు. టెస్ట్ కిట్ మీద అనుమానంతో రొయ్యల చెరువుల నీళ్ళు చూసే ల్యాబ్‌లోనూ చూపించా, అదే మాట. సగం నీళ్ళు మార్చినా, ఇంకో డోసు వేసినా మళ్ళీ మామూలే.

వచ్చే ఆదివారం కాశీ వెళ్తున్నాం, పది రోజులు. మేత వేయడానికి, ఆవిరైనంత ఆర్వో నీళ్ళు పోయడానికి మా బావమరిది వస్తాడు గానీ టెస్టులు చేయడం రాదు, పైగా కరెంట్ కోతలు. ఆడ క్లౌన్ అయితే చెయ్యి పెడితే చాలు పైకొచ్చి వేళ్ళు కొరుకుతుంది, దానికేమన్నా అయితే తట్టుకోలేను. పాత లైవ్ రాక్‌తో సహా ఇప్పుడే మార్చేయనా, తిరిగొచ్చేదాకా పాత ట్యాంక్‌లోనే ఉంచనా?