మోకాలి చిప్ప విరిగింది, ఆపరేషన్ తప్పదా? అమ్మ కోసం అడుగుతున్నా

మధురవాడ_సాయి:
అమ్మకి 58 ఏళ్లు. మొన్న వానకి సింహాచలం మెట్ల మీద జారి మోకాలి మీద పడింది. చిప్ప అడ్డంగా రెండు ముక్కలైంది, మధ్యలో 8 మి.మీ. ఎడం ఉంది. తీగ వేసి బిగించాలని డాక్టరు అంటున్నారు. మా పెదనాన్నేమో కోతలొద్దు, పుత్తూరు కట్టు కట్టిద్దాం అంటున్నారు. మీలో ఎవరికైనా ఇలా అయ్యిందా?

గాజువాక_బండి:
నాకు 2021లో అయ్యింది సాయి గారూ, ఎన్‌ఏడీ దగ్గర బండి జారి. అమ్మగారు పడుకుని, మోకాలు వంచకుండా కాలు పైకి ఎత్తగలుగుతున్నారా? నేను ఎత్తలేకపోయాను, అందుకే తీగ వేశారు. నా పక్క మంచం అతనికి చిప్పలో చీలికే, ముక్కలు కదల్లేదు, కాలూ ఎత్తాడు. అతనికి ఆరు వారాల కట్టుతోనే సరిపోయింది.

మధురవాడ_సాయి:
ఎత్తలేకపోతోందండి. ప్రయత్నిస్తే ఏడుపొచ్చేస్తోంది తనకి.

సీతమ్మధార_ఫిజియో:
పదకొండేళ్లుగా ఇలాంటి మోకాళ్లకి వ్యాయామాలు చేయిస్తున్నాను. పెదనాన్నగారికి ఇలా చెప్పండి. చిప్ప అంటే తాడుకి గుచ్చిన పూస. పైన తొడ కండరం, కింద కాలి ఎముక. పూస అడ్డంగా విరిగితే కండరం పై ముక్కని పైకి లాగుతూనే ఉంటుంది, బయట ఎంత గట్టిగా కట్టినా ఆ లాగుడు ఆగదు. ఎడం 3 మి.మీ. దాటినా, లోపలి నున్నటి వైపు ముక్కలు ఎగుడుదిగుడై 2 మి.మీ. మెట్టు పడినా సాధారణంగా ఆపరేషనే చెబుతారు.

మీ డాక్టరు చెప్పింది టెన్షన్ బ్యాండ్ అనుకుంటాను. నిలువుగా రెండు కె-వైర్లు (సన్నటి స్టీలు కడ్డీలు) దించి, చిప్ప ముందువైపు స్టీలు తీగని 8 అంకెలా చుట్టి బిగిస్తారు. మోకాలు వంచినప్పుడు ముందువైపు విడిపోవాలని చూసే బలాన్ని తీగ పట్టేస్తుంది, వెనకవైపు ముక్కలు ఒకదానికొకటి నొక్కుకుంటాయి. వంచడమే అతుక్కోవడానికి సాయం చేస్తుందన్నమాట. నాకు ఈ పద్ధతంటే ఎంత గౌరవమో! కొందరు కె-వైర్ల బదులు బోలు స్క్రూలు వేసి వాటిలోంచి తీగ దూరుస్తారు. నుజ్జయితే ప్లేటు. కింది కొస పొడైతే దాన్ని తీసేసి కింది తాడుని, అంటే స్నాయువుని, మిగిలిన చిప్పకి కుడతారు. చిప్ప మొత్తం తీయడం ఆఖరి దారి, కాలి బలం బాగా తగ్గిపోతుంది.

బీచ్‌రోడ్_లక్ష్మి:
నాకు ఎముక చక్కగా అతికింది. కానీ ఇంటికి పంపేటప్పుడు వ్యాయామాల గురించి ఎవరూ చెప్పలేదు. తీగ తెగుతుందేమోనన్న భయంతో రెండు నెలలు కాలు చాపే ఉంచాను. మోకాలు బిగుసుకుపోయింది. అది వంగడానికి ఐదు నెలలు ఏడ్చాను. ఇప్పటికీ కింద కూర్చోలేను, పీట మీద కూర్చునే పూజ. సాయీ, డిశ్చార్జి రోజే ఎంత వంచాలో, ఎప్పటినుంచో కాగితం మీద రాయించుకో నాన్నా.

గాజువాక_బండి:
ఇంకోటి. అక్కడ చర్మం పల్చన కదా, తీగ కొసలు గుచ్చుకుంటాయి. నాకు ఎముక పూర్తిగా అతికాక 14 నెలలకి తీయించేశాను.

మధురవాడ_సాయి:
పూస సంగతి పెదనాన్నకి చదివి వినిపించాను, ఒప్పుకున్నారు. గురువారం ఆపరేషన్. వచ్చే ఆషాఢంలో గిరి ప్రదక్షిణ చేస్తానని అమ్మ మొక్కుకుంది, 32 కిలోమీటర్లు. నడవగలదా?

సీతమ్మధార_ఫిజియో:
ఎనిమిది నెలల తర్వాతి మాట ఇప్పుడే ఇవ్వలేను. గురువారం లోపు మంచి కాలితో ఇది నేర్పండి: మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, తొడ బిగించి, దాన్ని మంచానికేసి 5 సెకన్లు నొక్కాలి. ఆపరేషన్ అయ్యాక డాక్టరు సరేనన్న రోజు నుంచీ రెండో కాలితో అదే చేయించండి.