అప్‌డేట్: గర్భంతో ఉండగా ఉద్యోగం తీసేస్తే (రాయగడ)

ఒడిశాలోని రాయగడలో ఒక ప్రైవేటు సంస్థ మా చెల్లెల్ని ఆరో నెలలో తీసేసిందని, ఏం చేయాలని అడిగాను. జవాబిచ్చిన అందరికీ దండాలు. తేలిన విషయాలివి.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. అసలు హక్కులు అలాగే ఉన్నాయి. డెలివరీకి డాక్టర్ ఇచ్చిన తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, గర్భంతో ఉండగా తీసేసినా ప్రసూతి జీతం ఎగ్గొట్టడానికి వీల్లేదు. అది 26 వారాలు. ఇప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12. తీవ్రమైన దుష్ప్రవర్తన అని రాతపూర్వక ఉత్తర్వు ఇస్తేనే ఆపగలరు, దాని మీదా అప్పీలు ఉంది.

అప్పీలు గడువు 60 రోజులు, ఉత్తర్వు చేతికందిన రోజు నుంచి. అందుకే పోస్టాఫీసు ముద్ర ఉన్న కవరు పారేయకండి. వాట్సాప్‌లో చెబితే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఆశా కార్యకర్త ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో డెలివరీ తేదీ ఉంటుంది, దాన్నీ జత చేయండి.

ఎక్కువమంది దెబ్బతినేది రాజీనామా దగ్గరే. "సంతకం పెట్టమ్మా, బాకీ జీతం ఇచ్చేస్తాం" అంటారు. పెట్టకండి. పెడితే "మేం తీసేయలేదు, తనే మానేసింది" అంటారు.

ఇల్లు పార్వతీపురంలో ఉన్నా, పనిచేసిన చోటు రాయగడైతే అక్కడి కార్మిక శాఖకే వెళ్లాలి. ఒడియా రాయడం రాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయర్‌ని ఇస్తారు. ఫోన్ 15100.