1832 పెన్షన్ వాంగ్మూలంలో ముసలాయన చెప్పింది నమ్మాలా, సైన్యం జాబితా నమ్మాలా?

గోదారి అమ్మాయి:
నమస్కారం అందరికీ. మా ఆయన వాళ్ళది మసాచుసెట్స్. వాళ్ళ పూర్వీకుల్లో ఒకాయన వ్యవసాయం చేసుకుంటూ అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో కొన్నాళ్ళు పనిచేశారు. పిల్లల కోసం మా వైపు వంశవృక్షం రాసిపెట్టా, అటు వైపుది కూడా రాద్దామని మొదలెడితే నేషనల్ ఆర్కైవ్స్‌లో ఈయన పెన్షన్ ఫైల్ దొరికింది. 1832లో 74 ఏళ్ళ వయసులో కోర్టులో ప్రమాణం చేసి చెప్పింది అందులో ఉంది, సరటోగాలో బ్రిటిష్ జనరల్ బర్గోయిన్ సైన్యం లొంగిపోయి ఆయుధాలు దించేటప్పుడు అక్కడే ఉన్నానన్నారు. అది 1777 అక్టోబర్ 17 కదా. కానీ రాష్ట్రం అచ్చేసిన సైనికుల జాబితాలో ఆ పేరున్న మనిషిని సెప్టెంబర్‌లోనే ఇంటికి పంపేశారు. ఏది రాయాలి?

లెక్క ప్రకారం:
జాబితాదే రాయండి, ఇందులో ఆలోచించడానికేముంది. 55 ఏళ్ళ తర్వాత చెప్పిన మాట అది. పైగా 1832 చట్టంలో ఆర్నెల్లు సర్వీసుంటే పెన్షన్ మొదలు, రెండేళ్ళుంటే పూర్తి జీతం, మామూలు సిపాయికి ఏడాదికి 80 డాలర్లు బతికినంత కాలం. నెలలు ఎక్కువ చెబితే డబ్బులు ఎక్కువొస్తాయి. అంతకుముందు 1818 చట్టానికి పేదవాళ్ళమని జనం ఎగబడితే 1820లో ఆస్తుల చిట్టా ఇమ్మన్నారు, చాలామంది పేర్లు కొట్టేశారు కూడా.

పాత దస్తావేజు:
నేనొప్పుకోనండి. ముందు ఆ జాబితాలో ఉన్నది మీ మనిషేనా అన్నది తేలాలి. రాష్ట్రం అచ్చేసిన ఆ సంపుటాల్లో, పాత రోల్స్‌లో (కంపెనీల హాజరు పట్టీల్లో) పేరు ఎలా ఉంటే అలా ఎక్కించారు, ఒకే మనిషి నాలుగు స్పెల్లింగులతో నాలుగు చోట్ల ఉంటాడు, ఒకే పేరున్న ఇద్దరు ఒకే చోట కలిసిపోతారు. పేరు పక్కన జూనియర్ అని ఉన్నా కొడుకని అనుకోవద్దు, ఊళ్ళో అదే పేరుతో ఇంకో పెద్దాయన ఉన్నాడని మాత్రమే దానర్థం, వాళ్ళిద్దరికీ చుట్టరికమే ఉండకపోవచ్చు. ఇక జాబితాలో లేదంటే వెళ్ళలేదనీ కాదు, 1800 నవంబర్‌లో వార్ డిపార్ట్‌మెంట్ ఆఫీసు కాలిపోయి పాత కాగితాలు బోలెడు పోయాయి, అందుకే ముసలివాళ్ళని కోర్టులో నోటితో చెప్పమన్నారు, ఊరి పాస్టరూ పక్కింటాయనా వచ్చి అవునని సంతకం పెట్టేవాళ్ళు.

నా లెక్క ఏంటంటే యుద్ధం పేరు కంటే చిన్న వివరాలు నమ్మండి. కెప్టెన్ ఎవరు, ఏ దారిన నడిచారు, ఎవరి బదులు వెళ్ళారు, వీటిలో అబద్ధమాడితే ఆయనకొచ్చేదేం లేదు. సరటోగా అంటారా, యాభై ఏళ్ళు ఊరంతా చెప్పుకున్న కథ, అది ఆయన జ్ఞాపకంలో కలిసిపోయి ఉండొచ్చు.

ఇంకోటి, ఆయన సిపాయిగా ఉన్నది నెలలు, రైతుగా ఉన్నది నలభై యాభై ఏళ్ళు, అందరూ ఆ నెలల మీదే పడతారు. 1771 మసాచుసెట్స్ పన్ను లిస్టు చూడండి (కొన్ని ఊళ్ళవి మిగల్లేదు). అప్పటికి ఈయన పిల్లాడు, నాన్న పేరుతో వెతకండి. దున్నే భూమి ఎంత, ధాన్యం ఎన్ని బుషెల్స్ (అప్పటి కొలత) పండుతుంది, పచ్చిక ఎన్ని ఆవులకి సరిపోతుంది, ఎన్ని పీపాల సైడర్ (ఆపిల్ పానీయం) తీస్తారు, అన్నీ ఉంటాయి. తర్వాత భూమి దస్తావేజులు, చనిపోయాక కోర్టు రాయించిన సామాన్ల చిట్టా. జోసెఫ్ ప్లమ్ మార్టిన్ అని కనెక్టికట్ తరఫున పోరాడినాయన, తర్వాత ఇప్పటి మెయిన్ రాష్ట్రంలో సేద్యం చేశాడు, 1820లో ఆయన చూపించిన ఆస్తి రెండావులు, ఆరు గొర్రెలు, ఒక పంది. యుద్ధం తర్వాత ఆ సిపాయి బతుకేంటో ఆ ఒక్క లైను చెబుతుంది.

నల్లగొండ తమ్ముడు:
అక్కా, గా 1771 లిస్టుల జీవితాంతం బానిసలుగ ఉన్నోళ్ళకి కూడ ఒక కాలమ్ ఉంటది, గది దాటేసి పోకుండ్రి. మసాచుసెట్స్‌ల 1783 దాంక కోర్టు కేసులు నడిచినయి, అప్పటిదాంక అక్కడ బానిసలుండిరి. గా కాలమ్‌ల అంకె ఉంటె పిల్లలకి అదీ చెప్పాలె, తాతలది మంచిదొక్కటే ఏరుకుంటె అది చరిత్ర కాదు.

లెక్క ప్రకారం:
ఇది మాత్రం నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. కానీ సరటోగా సంగతిలో నా మాట మారదు, రోల్ దొరికేదాకా ట్రీలో ఎక్కించకండి. డీఏఆర్ (ఆ యుద్ధంలో పనిచేసినవాళ్ళ వంశంలోని ఆడవాళ్ళ సంఘం) వాళ్ళ పాత దరఖాస్తుల్లో ఇలా ఇంట్లో చెప్పుకున్నవి ఆధారాల్లేకుండా ఎక్కి ఇప్పటికీ ఒకరి నుంచి ఒకరు కాపీ కొడుతున్నారు.

గోదారి అమ్మాయి:
దస్తావేజు గారూ, మీరన్నాక మళ్ళీ చదివా. రెండోసారి అన్నయ్య బదులు వెళ్ళానని ఒక ముక్క ఉంది, అక్కడ చెప్పిన కెప్టెన్ పేరు జాబితాలో ఉన్న కెప్టెన్ కాదు!

పాత దస్తావేజు:
అయితే జాబితాలో దొరికింది మొదటిసారి వెళ్ళింది కావచ్చమ్మా, లేదా అసలు వేరే మనిషిదైనా కావచ్చు. అక్టోబర్ మొదట్లో పొలాల్లోంచి మిలీషియా (ఊళ్ళ నుంచి కొన్నాళ్ళకి వచ్చే పౌర సైన్యం) గుంపులు గుంపులుగా అమెరికన్ జనరల్ గేట్స్ సైన్యంలోకి వచ్చి చేరింది, ఆ రెండో కెప్టెన్ కంపెనీ రోల్ వెతకండి, అందులో మీవాళ్ళ పేరే కాదు అన్నయ్య పేరు కూడా చూడండి.

లెక్క ప్రకారం:
అన్నయ్య పేరుంటే ఒప్పుకుంటా. అప్పటిదాకా "సరటోగాలో ఉన్నానని 1832లో ప్రమాణం చేసి చెప్పారు" అని మాత్రమే రాయండి, పక్కన ఫైల్ నంబర్ పెట్టండి.