సైకిల్ తొక్కితే రాని తలనొప్పి పరుగెత్తితే వస్తోంది: ఫుట్‌బాల్ కంకషన్

మేం టెక్సాస్‌లో, డాలస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయికి 15 ఏళ్లు, స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జేవీ (జూనియర్ వర్సిటీ, అంటే రెండో శ్రేణి) జట్టులో లైన్‌బ్యాకర్ (డిఫెన్స్‌లో ఆడేవాడు). 16 రోజుల కిందట, గురువారం మ్యాచ్‌లో ఎదుటివాడి హెల్మెట్ వీడి తలకు పక్కనుంచి తగిలింది. స్పృహ తప్పలేదు గానీ స్కోరు ఎంతో చెప్పలేకపోయాడు, లైట్లు చూడలేకపోయాడు. కంకషన్ (తలకు దెబ్బ తగిలి మెదడు అదిరిపోవడం) అన్నారు.

రెండు రోజులు పూర్తి విశ్రాంతి, ఫోన్ బంద్, తర్వాత వారం సగం పూటే బడి. 8వ రోజుకి లక్షణాలన్నీ పోయాయి. డాక్టర్ సంతకం పెట్టాక దశలవారీగా ఆట మొదలుపెట్టారు, దశకీ దశకీ 24 గంటల ఎడం. సైకిల్ 20 నిమిషాలు తొక్కితే ఏమీ లేదు. పరుగు మొదలుపెట్టిన 10 నిమిషాలకు తల వెనక, మెడ పైభాగాన నొప్పి, అరగంట ఉంటుంది. రెండుసార్లు ఒక దశ వెనక్కి వెళ్లాం, మళ్లీ అదే. నీళ్లు, నిద్ర బాగానే ఉన్నాయి, కళ్లు కూడా పరీక్ష చేయించాం. డాక్టర్ ఆగి చూద్దాం అన్నారు, మళ్లీ అపాయింట్‌మెంట్ 12 రోజులకు.

వచ్చే శుక్రవారం హోమ్‌కమింగ్ (పాత విద్యార్థులు కూడా వచ్చే స్కూల్ పెద్ద మ్యాచ్ పండుగ). ఊరంతా స్టేడియంలోనే ఉంటుంది కదా, వీడు నొప్పి దాస్తున్నాడు. మొహం చూసి నేనే పట్టుకున్నా. ఇక్కడి చట్టం ప్రకారం కోచ్ ఒక్కడే ఆడమనలేడు, అమ్మానాన్నల సంతకం కూడా కావాలి. నేను పెట్టను, అందులో సందేహం లేదు.

ఇలా పరుగులో మాత్రమే నొప్పి వచ్చిన పిల్లల్ని మీరు ఎవరికి చూపిస్తే తగ్గింది, న్యూరాలజిస్టుకా, మెడ చూసే ఫిజికల్ థెరపిస్టుకా?